అరవై నాలుగు పళ్ళ చక్రం

ఆ రోజుల్లో గచ్చిబౌలిలో ఆంజనేయులుకు అసహ్యం కలగని వస్తువు ఒక్కటి కూడా లేదు. పొద్దున్నే మణికొండ ఊళ్ళో కిరాయి గది తలుపు తీస్తే ఎదురుగా బండలు పేల్చిన దుమ్ము. సైకిలెక్కి రోడ్డు మీదికి వస్తే ఎకరం ధర తప్ప ఇంకో మాట నోట రాని మనుషులు. ఫ్యాక్టరీకి చేరితే బురద. గ్రానైటు కోసినప్పుడు నీళ్ళతో కలిసి కారే ఆ బూడిదరంగు బురద గోళ్ళలో దూరేది, చెవుల్లో దూరేది, చివరికి అన్నం క్యారియరు మూతల సందుల్లో కూడా దూరేది. ఆ బురదనంతా యజమాని వెనకున్న కుంటలోకి వదిలేవాడు. కుంటలో ఒకప్పుడు చేపలుండేవని చెప్పుకునేవారు. ఆంజనేయులు వచ్చేసరికి కప్పలు కూడా లేవు.

ఛీ అనడం అతనికి ఊపిరి తీసినంత మామూలు. టీ బాగా లేకపోతే ఛీ. బాగుంటే, ఛీ, వీడికి ఇంత చక్కెర యాడిదో అని. ఆ పక్క మాదాపూర్లో అద్దాల మేడలు లేస్తున్నాయనీ, లోకమంతా అక్కడికే వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చోబోతోందనీ జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, పైన పటారం లోన లొటారం అనేవాడు. వాటి లోపల పరిచే నున్నటి రాతి పలకలు కోసేది తామే కాబట్టి, లోనేముందో తనకంటే ఎవరికీ తెలియదని అతని ధీమా.

అతని పని పళ్ళు అతికించడం. మనుషులకు కాదు, రంపాలకు. గ్రానైటు బండను పలకలుగా కోసే రంపం మూడడుగుల ఉక్కు చక్రం. దాని అంచు చుట్టూ వేలి కణుపంత లోహపు ముక్కలు అరవై నాలుగు వరసగా అతికి ఉంటాయి. వాటినే పళ్ళంటారు. ఉత్త ఉక్కు గ్రానైటును ఏమీ చేయలేదు. కోసేది ఆ పళ్ళలో లోహప్పొడితో కలిపి కాల్చిన వజ్రాలు. పళ్ళు అరిగిపోతే పాతవి ఊడదీసి, గ్యాసు మంట మీద వెండి కలిపిన మాటుతో కొత్తవి అతికించాలి. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని పళ్ళ డాక్టరు అనేవారు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పిలుపు చెవిన పడిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

వజ్రమంటే మాత్రం అతనికి పుట్టుకతో వచ్చిన పగ. వాళ్ళది అనంతపురం జిల్లా, వజ్రకరూరు పక్క పల్లె. అక్కడ తొలకరి వాన పడిందంటే చాలు, విత్తనం వేసుకోవలసిన రైతు కూడా పని మానుకుని, తల వంచుకుని, మెరిసే రాయి కోసం పరాయి చేలల్లో తిరుగుతాడు. ఆంజనేయులు తండ్రి ముప్పై తొలకరులు అట్లా తిరిగాడు. ఫలానా ఊళ్ళో ఫలానావాడికి దొరికిందట అని వినడమే తప్ప ఆయన చేతికి గాజుపెంకు తప్ప ఏమీ తగల్లేదు. ఉన్న రెండెకరాలు బీడు పడ్డాయి. మెడ వంగిపోయి మళ్ళీ లేవలేదు. పాడె మీద పడుకోబెట్టినప్పుడు కూడా ఆయన తల నిలవలేదనీ, ఒక పక్కకు వాలి నేలను వెతుకుతున్నట్టే ఉందనీ ఆంజనేయులు ఇప్పటికీ కోపంగా చెబుతాడు.

అలాంటివాడి ముందు ఒకనాడు రవికిరణ్ చిన్న సీసా మూత తీశాడు. రవికిరణ్ ఈ పళ్ళు అమ్మే కంపెనీ ప్రతినిధి. కూకట్‌పల్లి నుంచి స్కూటరు మీద వచ్చేవాడు, ఇస్త్రీ నలగకుండా మాట్లాడేవాడు. సీసాలోది ఆంజనేయులు అరచేతిలో వంపాడు. పసుప్పచ్చగా, ఉప్మాకు వేయించిన గోధుమరవ్వలా ఉంది. ఇవే వజ్రాలన్నాడు. భూమిలో దొరికినవి కావు, ఫ్యాక్టరీలో చేసినవి.

ఎట్లా చేస్తారో కూడా అతనే చెప్పాడు. పెన్సిల్లో ఉండే నల్లటి గ్రాఫైటును ఇనుము, నికెలు లాంటి లోహాలతో కలిపి చిన్న డబ్బీలో కూరి, దాన్ని పెద్ద యంత్రంలో పెట్టి అన్ని వైపుల నుంచీ నొక్కుతారట. పదిహేను వందల డిగ్రీల వేడి. ఒత్తిడి అంటావా, బొటనవేలంత చోటు మీద ఏనుగుల మందను నిలబెట్టినంత. ఆ వేడికి లోహం కరుగుతుంది, గ్రాఫైటు అందులో కలిసిపోయి, వజ్రపు గింజలుగా బయటికి పేరుకుంటుంది. నలభై ఏళ్ళ కిందట ఈ కిటుకు కనిపెట్టినవాళ్ళు దాన్ని కంటికి రెప్పలా దాచుకున్నారట. ఇప్పుడు చైనాలో కూడా బస్తాలకొద్దీ చేస్తున్నారట. ప్రపంచంలో పనికి వాడే వజ్రాల్లో చాలా భాగం ఇవే. రోడ్లు కోసేది ఇవి, రాతికి బెజ్జాలు వేసేది ఇవి, కళ్ళద్దాలకు సాన పట్టేది ఇవి. రేపు మాదాపూర్ మేడల్లో కొలువుదీరే కంప్యూటర్ల లోపలి చిప్పులను చిన్న చిన్న ముక్కలుగా కోసేదీ ఈ గింజలే.

ఆంజనేయులు అరచేతి వంక చాలాసేపు చూశాడు. తండ్రి ముప్పై ఏళ్ళు వెతికింది ఇదే జాతి. ఇక్కడ దీన్ని సేర్ల లెక్కన చేసి, బురదలో అరగదీసి, కుంటలోకి వదులుతున్నారు. గింజలను సీసాలోకి తిరిగి వంపేసి, పక్కకు తిరిగి ఉమ్మాడు. రవికిరణ్ దాన్ని దుమ్ము మహిమ అనుకున్నాడు.

పగ పగే, పని పనే. ఆ గింజలను చదవడంలో అతనికి సాటి వచ్చేవాడు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో లేడు. చదవడం అంటే ఇది. చక్రం రాతి మీద తిరుగుతుంటే రాతిబురద పంటిలోని లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. గింజకు ముందు గుంట పడుతుంది. వెనక మాత్రం గింజ చాటున లోహం మిగిలిపోతుంది, ఏటిలో రాయి వెనక ఇసుక పేరుకున్నట్టు. దాన్ని తోక అంటారు. తోక ఎటుంటే పన్ను దానికి ఎదురు దిక్కున పరిగెత్తిందని అర్థం. ఆ తోకే గింజకు ఊతం. ఒకసారి ఒక దిక్కున తిరిగిన పన్ను ఎప్పటికీ ఆ దిక్కునే తిరగాలి. తిప్పి పెట్టారా, ఊతం ముందుకు వచ్చి, గింజలు రాలిపోతాయి. గింజలు లేని పన్ను రాతిని కోయదు, ఊరికే రుద్దుతుంది. రుద్ది రుద్ది కాగి, చివరికి మాటు మెత్తబడి ఊడి ఎగురుతుంది. అందుకే ప్రతి చక్రం మీదా తిరగవలసిన దిక్కుకు బాణం గుర్తు వేస్తారు.

మిగతావాళ్ళు ఈ తోకలను భూతద్దం పెట్టి చూస్తారు. ఆంజనేయులు బొటనవేలి గోటితో చూస్తాడు. ఒక దిక్కున గీస్తే గోరు జారుతుంది, ఎదురు దిక్కున గీస్తే తట్టుకుంటుంది. చేప పొలుసు మీద వేలు పోనిచ్చినట్టు. ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. భూతద్దం కళ్ళు లేనివాళ్ళకని అంటుండేవాడు.

అతను ఛీ అనని మనిషి ఫ్యాక్టరీలో ఒక్కడే ఉన్నాడు. కొమురయ్య. మెదక్ పక్క నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళుంటాయి, పెద్ద రంపం అతనే నడిపేవాడు. చక్రాన్ని ఇరుసుకు ఎక్కించే ముందు బాణం గుర్తు మీది బురదను తడిగుడ్డతో తుడిచి, రెండు సార్లు చూసుకుని, అప్పుడు గానీ మర బిగించేవాడు కాదు. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే గోడ నీడన కూర్చుని తినేవారు. ఆంజనేయులు జొన్నరొట్టె విరిచి సగం అతనికిచ్చేవాడు. లోకంలో ఉన్న అసహ్యాలన్నీ ఏకరువు పెట్టేవాడు. కొమురయ్య ఊకొడుతూ వినేవాడు, అంతా అయ్యాక, "గంత ఫికర్ ఎందుకన్నా," అనేవాడు. ఆ ఒక్క మాటకు ఆంజనేయులు చల్లబడేవాడు.

తొంభై ఎనిమిదిలో, వానల కాలంలో, మాదాపూర్లో ఒక కొత్త మేడకు ప్రారంభోత్సవం ముహూర్తం దగ్గరపడింది. కింది హాలంతా పరిచే నల్ల పలకలు వీళ్ళే ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే పెద్ద రంపం చక్రం బీట వారింది. కొత్త పళ్ళు బొంబాయి నుంచి రావడానికి వారం పడుతుంది. యజమాని సీతారామయ్య భీమవరం పక్కవాడు, తెల్లచొక్కా మీద బురద పడకుండా ఫ్యాక్టరీ అంతా నడవగలిగిన నేర్పరి. పిండి కొద్దీ రొట్టె కదయ్యా అని, బీటవారిన చక్రం నుంచి సగం అరిగిన పళ్ళనే ఊడదీసి పళ్ళు లేని ఇంకో చక్రానికి వేయమన్నాడు. రెండు రోజుల పని, ఒక్క రోజులో కావాలన్నాడు.

ఊడదీసిన పళ్ళు అరవై నాలుగూ ఒక బేసిన్లో కలిసిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, తోక ఎటుందో చూసి, సరైన దిక్కున అతికించాలి. ఆంజనేయులు ఛీ అంటూనే మొదలుపెట్టాడు. సాయంత్రానికి యాభై దాటాడు. అప్పుడు రవికిరణ్ వచ్చాడు, వెంట వాళ్ళ కంపెనీ పెద్దలు ఇద్దరు, మెడల్లో టైలతో. సీతారామయ్య వాళ్ళను నేరుగా ఇతని దగ్గరికి తీసుకొచ్చి, ఇదిగో మా పళ్ళ డాక్టరు, కళ్ళు మూసుకుని మీ వజ్రాలను చదువుతాడన్నాడు.

ఆ మాటకు ఛీ అనవలసిన మనిషి కళ్ళు మూసుకున్నాడు. పన్ను తీయడం, గోటితో గీయడం, ఎటో చెప్పడం, అతికించడం. తీయడం, గీయడం, చెప్పడం. టైలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అర్థం కాలేదు గానీ పొగడ్తేనని ముఖం చూస్తే తెలిసింది. వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన నాలుగూ అతికించి, చేతులు కడుక్కుని, ఆ రోజు సైకిలు తొక్కుతూ పాట కూడా పాడుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్ద రంపం దగ్గర పటాసు పేలినట్టు చప్పుడైంది. ఆంజనేయులు వెళ్ళేసరికి కొమురయ్య బురదలో కూర్చుని ఉన్నాడు, ముఖాన్ని రెండు చేతులతో మూసుకుని. వేళ్ళ సందుల్లోంచి రక్తం. చక్రం నుంచి ఒక పన్ను ఊడి ఎగిరింది. దాన్ని ఆపవలసిన రేకు మూత రంపానికి లేదు. మందపాటి బండలు పట్టడం లేదని రెండు నెలల కిందటే సీతారామయ్య తీయించేశాడు. కంటి దవాఖానలో ఎడమ కన్ను పోయిందన్నారు. కుడి కంట్లో పడిన రాతి నలుసులు తీసి, రెండింటికీ కట్టు కట్టారు.

మర్నాడు సీతారామయ్య ఆంజనేయులును గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటేనే అనుమానించాలి.

"చూడు ఆంజనేయులూ. ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు వచ్చి విచారణ చేస్తాడంట. పన్ను ఊరికే ఎగరదు కదా. చక్రాన్ని వాడు తిరగేసి ఎక్కించుంటాడు. కాదంటావా, మరి నీ అతుకు ఊడిందన్నమాట. వాడి తప్పు కాకపోతే నీ తప్పు. ఏదో నువ్వే తేల్చవయ్యా."

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. చక్రాన్ని కొమురయ్య తిరగేసి బిగించాడనీ, పళ్ళు చూసి తాను నిర్ధారించాడనీ. కింద సంతకానికి జాగా. ఆ సంతకం పడితే తప్పంతా కొమురయ్యది, ఉద్యోగం పోయినట్టే, కన్నుకు పరిహారమూ రానట్టే. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. కాకి నయం, కాగితం టైపు చేయించి తేదు. ఆంజనేయులుకు ఆ గదిలో గాలి పీల్చడానికి కూడా రోత పుట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చక్రం చూశాక చెబుతానని లేచాడు. చదివి చూపిస్తాను, ఈ తెల్లచొక్కాకు నిజమంటే ఏమిటో చూపిస్తాను అని పళ్ళు కొరికాడు.

ప్రమాదం జరిగిన మూడో రోజు, భోజనాల వేళ, సామాను గదిలో గోడకు ఆనించిన చక్రం ముందు కూర్చున్నాడు. పన్ను ఊడిన సందు పక్క నుంచే మొదలుపెట్టాడు. గోరు తట్టుకుంది. గోరు పెరిగిందేమో అనుకున్నాడు. మళ్ళీ గీశాడు. తట్టుకుంది. దాని పక్కది, దాని పక్కది కూడా అంతే. ఆ మూడూ దాటి నాలుగో పంటికి వచ్చాక గోరు నున్నగా జారింది. అక్కడి నుంచి చక్రమంతా చుట్టి వచ్చాడు. అరవై పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. కొమురయ్య చక్రం తిరగేసి ఎక్కించి ఉంటే అరవై మూడూ పాడవ్వాలి. ఊడిన పన్నును బురదలోంచి ఏరి ఎవరో కిటికీలో పెట్టారు. దాని గింజలన్నీ రాలిపోయి, ముఖం కాగి నల్లబడి ఉంది. అతికిన గుర్తును బట్టి ఎటు పెట్టిందీ తెలుస్తూనే ఉంది. నాలుగు పళ్ళు తిరగబడ్డాయి. వరసగా నాలుగు. చప్పట్లు కొట్టించుకున్నాక కళ్ళు తెరిచి కూడా చూడకుండా అతికించిన చివరి నాలుగు.

లేచి బయటికి వెళ్ళి బురదకాలవలో వాంతి చేసుకున్నాడు.

మనసు వెంటనే వకీలు వేషం వేసింది. రేకు మూత తీయించింది ఎవరు? పాత పళ్ళు వేయమన్నది ఎవరు? రెండు రోజుల పని ఒక్క రోజులో చేయమన్నది ఎవరు? అన్నీ నిజాలే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉన్న నిజాలు. ఊరందరినీ ఛీ అన్న నోటికి తనను తాను అనుకోవడం రాలేదు. సంతకం చేయలేదు, నిజం చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. సీతారామయ్య అడిగితే చూస్తున్నానన్నాడు.

సాయంత్రం మాత్రం రోజూ క్యారియరు పట్టుకుని బస్సులో దవాఖానకు వెళ్ళేవాడు. కొమురయ్య భార్య రుక్కమ్మ మాదాపూర్లో సిమెంటు తట్టలు మోసే పనికి పోయేది, పొద్దుగూకాక గానీ వచ్చేది కాదు. కళ్ళకు కట్టుతో కొమురయ్య పక్కలో నోరు తెరుచుకుని కూర్చునేవాడు, ఆంజనేయులు ముద్దలు కలిపి పెట్టేవాడు. ఆ వార్డులో ఫినాయిలు వాసన, పక్క మంచం మీది చీము వాసన. వేరే రోజుల్లో అయితే ఎన్ని ఛీలు అనేవాడో. ఇప్పుడు ముక్కు మూసుకోవలసిన కంపు తన చేతి నుంచే వస్తోందనిపించేది.

అయిదో రోజు నాలుగు ముద్దలు తిన్నాక కొమురయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, జర ఒకటి చెప్పు. గీడ పండుకొని దినాం గా చక్రం ఎక్కిస్తనే ఉన్న. బాణం తుడిచినట్టే యాదికొస్తది. మల్ల సీతారామయ్య సారు ఉల్టా ఎక్కిచ్చినవని చెప్పి పంపిండు. గిప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వు పండ్లు సూసి చెప్పు. నువ్వేది చెప్తే గదే నిజం."

ఆంజనేయులు కంచంలో ఉన్న మెతుకులన్నీ ఒక పక్కకు తోశాడు.

"ఇంకా చూడలేదప్పా," అన్నాడు. "చూసి చెప్తా." తరవాత ఇంకో ముద్ద కలిపి పెట్టాడు. కొమురయ్య తిన్నాడు.

ఆంజనేయులు తన భార్య పార్వతమ్మకు ఏమీ చెప్పలేదు గానీ, ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మనిషి ఛీ అనడం మానేశాడు. ఇంట్లో పప్పు మాడినా ఊరుకున్నాడు. అది చూసి ఆమెకు భయం వేసింది. ఏడో రాత్రి పట్టుబట్టి కూర్చుంటే కక్కేశాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మర్నాడు సాయంత్రం క్యారియరు కోసం చూస్తే అది బోర్లించి ఉంది, తుడిచి, పొడిగా.

"నేను వండను," అంది పార్వతమ్మ. "ఆ యప్పకు కండ్లు లేవని నోట్లో కూడు పెట్టి గొంతు కోస్తాండావు. నా చేత్తో వండి పంపాలంటే నాకు కడుపులో దేవుతాంది. చెప్పేసిరా పో. అప్పుడు కడతా."

ఆ సాయంత్రం అతను దవాఖానకు వెళ్ళలేదు. గది ముందున్న రాయి మీద కూర్చుని, మణికొండ చెరువు వైపు వాలే పొద్దును చూస్తూ, రేపటి విచారణ తలుచుకున్నాడు.

ఇనస్పెక్టరు నడివయసు మనిషి. కుంట కంపుకు ముక్కు మీద రుమాలు పెట్టుకుని వచ్చి, ఫ్యాను కిందే కుర్చీ వేయించుకున్నాడు. కొమురయ్యను ఆ పొద్దునే దవాఖాన నుంచి పంపించారు. రుక్కమ్మ ఆటోలో తీసుకొచ్చింది. ఎడమ కంటికి కట్టు, కుడి కంటికి వెలుతురు తగలకుండా పచ్చగుడ్డ. సీతారామయ్య ఎంతో జాలిగా, మంచి పనివాడేనండి, ఏం చేస్తాం, తిరగేసి ఎక్కించేశాడండి, అని చెప్పి, మా మేస్త్రి చూసి రాసిచ్చాడండి అంటూ ఆంజనేయులు వైపు చెయ్యి చాచాడు.

ఆంజనేయులు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సంతకం జాగా ఖాళీగా ఉంది.

"కొమురయ్య సరిగానే ఎక్కించినాడు సార్. నాలుగు పండ్లు నేనే తిప్పి అతికించినా."

ముందుగా తేరుకున్నది సీతారామయ్యే. నవ్వాడు కూడా. "వీళ్ళిద్దరూ ఒకే కంచంలో తింటారండి. స్నేహితుడి కన్ను పోయిందని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడండి. మంచితనం అంతే, నమ్మకండి," అన్నాడు. ఆరు రోజులు దాచుకున్న నిజం బయట పెడితే దానికి మంచితనమని పేరు పెట్టారు. ఆంజనేయులుకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

ఇనస్పెక్టరు చక్రం తెప్పించి, భూతద్దం అడిగి చూశాడు. తనకు అన్నీ ఒకే కంకరలా కనిపిస్తున్నాయన్నాడు. మీ గోరు పెట్టి చూడండి సార్ అంటే, ఆ బురద చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకియ్యుండ్రి," అన్నాడు కొమురయ్య.

రుక్కమ్మ అతన్ని నడిపించి చక్రం ముందు కూర్చోబెట్టింది. ఆంజనేయులు ఏమీ చెప్పలేదు, గోరు ఎటు పోనివ్వాలో మాత్రం ఒకసారి వేలు పట్టి చూపించాడు. కొమురయ్య ఒక్కొక్క పన్నే గీసుకుంటూ పోయాడు. రుక్కమ్మ చక్రాన్ని తిప్పుతూ ఉంది. నున్నగ ఉంది, గిదీ నున్నగుంది, అని పెదాల మీదే అనుకుంటున్నాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. ఒక చోట వేలు ఆగింది. గరుకు. పక్కదీ గరుకు. దాని పక్కదీ. తరవాత వేలు ఖాళీ సందులో పడింది.

ఇనస్పెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ మూడింటికీ సుద్దతో గీత పెట్టి, ఈసారి తన గోటితోనే చూశాడు. వాటి పక్కవి నాలుగైదు కూడా చూశాడు. చక్రం తిరగేసి ఎక్కిస్తే అన్నీ ఇలాగే ఉండాలి కదా అని ఆంజనేయులును అడిగి, తల ఊపి, రాసుకున్నాడు. ఆ తరవాత రంపం మీది రేకు మూత ఏదని అడిగాడు. సీతారామయ్య మందపాటి బండల గురించి మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు. పనివాడి తప్పేమీ లేదనీ, యజమాని పరిహారం ఇవ్వవలసిందేననీ ఇనస్పెక్టరు అక్కడే చెప్పాడు. పళ్ళ డాక్టరు ఉద్యోగం సంగతి సీతారామయ్య ముఖంలోనే రాసి ఉంది. దాని గురించి ఆంజనేయులుకు చింత లేదు. చాలా రోజుల తరవాత ఊపిరి పూర్తిగా పీల్చాడు. చెప్పేశాను, గెలిపించాను అనుకున్నాడు.

పెద్దలు రంపం చూడటానికి బయటికి వెళ్ళారు. కొమురయ్య ఇంకా చక్రం ముందే కూర్చుని ఉన్నాడు.

"ఎన్నడు సూసినవన్నా?"

ఆంజనేయులు తడుముకున్నాడు. ఈ పొద్దే అనవచ్చు, నిన్న అనవచ్చు. అనలేకపోయాడు.

"మూడో దినమే."

"నేను అడిగింది అయిదో దినం."

"ఔను."

కొమురయ్య వేలు ఇంకా ఆ ఖాళీ సందులోనే ఉంది. గంత ఫికర్ ఎందుకన్నా అంటాడేమోనని ఆంజనేయులు నిజంగానే ఎదురుచూశాడు. అంత సిగ్గుమాలినవాడు.

"నన్ను గుడ్డోన్ని చేసినందుకు గాదన్నా," అన్నాడు చివరికి. "అది చెయ్యి తప్పు. అందరికైతది. అడిగినంక గూడ నోట్ల బువ్వ పెట్టినవ్ సూడు."

భుజం మీది తువ్వాలు తీసుకుని మూతి తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచి ఊరుకోలేదు. పెదాలు, నాలుక చివర, మళ్ళీ పెదాలు, గట్టిగా, తోలు ఊడేటట్టు, రుక్కమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేదాకా తుడుస్తూనే ఉన్నాడు.